నాలుగు వైపులా కొలిచారు సరే... ఐమూల కొలిచారా?

ప్లాట్ చూడ్డానికి వెళ్లారనుకోండి. బ్రోకర్ టేపు తీస్తాడు. తూర్పు ఇంత, పడమర ఇంత, ఉత్తరం ఇంత, దక్షిణం ఇంత అని నాలుగు వైపులా మీ ముందే కొలుస్తాడు. తర్వాత ఫోన్ తీసి తూర్పు పడమరలు కలిపి సగం చేస్తాడు. ఉత్తర దక్షిణాలు కలిపి సగం చేస్తాడు. ఆ రెండు సగాల్నీ గుణించి, తొమ్మిదితో భాగించి, ‘ఇదిగో సార్, ఇన్ని గజాలు’ అని స్క్రీన్ చూపిస్తాడు.

టేపులో మోసం లేదు. క్యాలిక్యులేటర్ కరెక్టే. అయినా ఆ గజాల లెక్క తప్పయ్యే అవకాశం ఉంది. తప్పంటూ అయితే అది ఎప్పుడూ ఒకే వైపుకి పోతుంది. అసలు ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది, పొరపాటున కూడా తక్కువ చూపించదు. అంటే నష్టం ఎప్పుడూ కొనేవాళ్లకే!

ఎందుకలా? దీనికి లాయర్ అక్కర్లేదు. స్కూల్లో ‘ఇది మనకెందుకులే’ అని పేజీ తిప్పేసిన బహుభుజుల పాఠం చాలు. ఈ వారం దాని సంగతే చూద్దాం.

బహుభుజి అంటే ఇంతే

తిన్నని గీతలతో గీసి, మొదలుపెట్టిన చోటే ముగించిన బొమ్మ బహుభుజి. మూడు షరతులు. గీతలు వంకర ఉండకూడదు, కాబట్టి వృత్తం బహుభుజి కాదు. మధ్యలో ఖాళీ వదలకూడదు. గీతలు ఒకదాన్నొకటి దాటుకోకూడదు. గీతని భుజం అంటాం. రెండు భుజాలు కలిసే మూల శీర్షం. పక్కపక్కన లేని రెండు మూలల్ని కలిపే గీత కర్ణం. మేస్త్రీలు దాన్నే ‘ఐమూల’ అంటారు. మనమూ అలాగే అందాం.

భుజాలూ, కోణాలూ అన్నీ సమానంగా ఉంటే అది క్రమ బహుభుజి. క్యారమ్ బోర్డు, నట్టు తల, తేనెపట్టు గది అలాంటివే. అలా లేకపోతే అక్రమ బహుభుజి. ఇక్కడ అక్రమం అంటే కబ్జా అని కాదండోయ్! సమానంగా లేనిది అని మాత్రమే. మన ఊళ్లలో పొలాలూ, రోడ్డు మలుపుల్లో ప్లాట్లూ ఎక్కువగా ఈ బాపతే. గోముఖం, సింహముఖం అని పేర్లు పెట్టి పిలిచే ప్లాట్లు కూడా లెక్కల భాషలో చతుర్భుజాలే.

నాలుగు స్ట్రాలు, ఒక దారం

కూల్‌డ్రింక్ స్ట్రాలు తీసుకోండి. మూడు ముక్కలు కోసి, లోపల్నుంచి దారం దూర్చి, బిగించి ముడెయ్యండి. త్రిభుజం వస్తుంది. దాన్ని అటూ ఇటూ నొక్కి చూడండి. స్ట్రా వంగాలే తప్ప ఆకారం మారదు.

ఇప్పుడు 10 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు తీసుకుని అలాగే కట్టండి. చతురస్రంలా పెడితే వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. ఒక మూల పట్టుకుని పక్కకి తొయ్యండి. వెంటనే ఒరిగిపోతుంది. ఆ మూల కోణం 30 డిగ్రీలకి వచ్చేసరికి ఎత్తు 5 సెంటీమీటర్లే మిగులుతుంది, వైశాల్యం 50కి పడిపోతుంది. ఇంకా నొక్కితే నాలుగు స్ట్రాలూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. వైశాల్యం సున్నా!

భుజాలు మారాయా? లేదు. చుట్టుకొలత మారిందా? అదీ లేదు, మొదట్నుంచీ 40 సెంటీమీటర్లే. మారింది వైశాల్యం ఒక్కటే. మనం డబ్బులిచ్చేది మాత్రం దానికే.

ఈ ఆటలో ఉన్న విషయం ఇదీ: మూడు భుజాలు చెబితే త్రిభుజం ఒక్కటే వస్తుంది. నాలుగు భుజాలు చెబితే చతుర్భుజాలు లెక్కలేనన్ని వస్తాయి. వాటిలో మీ ప్లాట్ ఏదో తేలాలంటే ఇంకో కొలత కావాలి. స్ట్రాల చట్రానికి ఐమూలగా ఇంకో స్ట్రా కట్టి చూడండి. ఇక కదలదు. వెదురు తడికకి, చెక్క గేటుకి వాలుగా ఇంకో కర్ర కొట్టేది ఇందుకే. కరెంటు టవర్ నిండా త్రిభుజాలు కనిపించేదీ ఇందుకే.

ఇప్పుడు డబ్బుల లెక్క

ఒక ప్లాట్ అనుకుందాం. ఉత్తరం 36 అడుగులు, దక్షిణం 56, పడమర 48, తూర్పు 52. పడమటి వైపు రెండు మూలలూ మూలమట్టం పెట్టినట్టు కచ్చితంగా 90 డిగ్రీలు. తూర్పున రోడ్డు కాస్త వాలుగా పోతుంది, కాబట్టి ఆ హద్దు కూడా వాలుగా ఉంది.

బ్రోకర్ లెక్క: 36, 56 కలిపి సగం చేస్తే 46. 48, 52 కలిపి సగం చేస్తే 50. రెండూ గుణిస్తే 2300 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 255.6 గజాలు.

అసలు లెక్క: ఉత్తర, దక్షిణ హద్దులు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి ఇది సమలంబ చతుర్భుజం. సమాంతర భుజాల సగటు 46. వాటి మధ్య నిట్టనిలువు దూరం 48. వైశాల్యం 2208 చదరపు అడుగులు, అంటే 245.3 గజాలు.

తేడా 10 గజాల పైన. గజం 20 వేలు అనుకుంటే రెండు లక్షల పైచిలుకు! ఎక్కడ పుట్టింది ఈ తేడా? తూర్పు హద్దు 52 అడుగులు ఉన్నది ప్లాట్ పెద్దదై కాదు, గీత వాలింది కాబట్టి. వాలిన కొద్దీ గీత పొడవు పెరుగుతుంది గానీ స్థలం పెరగదు. సగటు లెక్కకి ఆ సంగతి తెలియదు. వాలులో వచ్చిన పొడవుని కూడా స్థలంగానే లెక్కేస్తుంది.

ఇంకో ప్లాట్ చూడండి. తూర్పు, పడమర 52 చొప్పున. ఉత్తరం, దక్షిణం 56 చొప్పున. ఎదురెదురు కొలతలు సమానం కాబట్టి కాగితం మీద చూస్తే ఎవరికీ అనుమానం రాదు. 52ని 56తో గుణిస్తే 2912 చదరపు అడుగులు. కానీ ఐమూల కొలిస్తే 60 అడుగులే వచ్చిందనుకోండి. నిజంగా దీర్ఘచతురస్రమైతే 76 అడుగుల పైన రావాలి. అంటే ప్లాట్ ఒరిగి ఉంది. దాని అసలు వైశాల్యం 2688 చదరపు అడుగులే. తేడా దాదాపు 25 గజాలు. అదే ధరకి దగ్గర దగ్గర 5 లక్షలు.

మరి ప్రతి ప్లాట్‌లోనూ ఇలాగే అవుతుందా? కాదు. ఇలా ఎదురు భుజాలు సమానంగా ఉన్న ప్లాట్ 2 డిగ్రీలు ఒరిగితే సగటు లెక్కలో తప్పు 0.06 శాతమే, పట్టించుకోనక్కర్లేదు. 10 డిగ్రీలు ఒరిగితే అసలు వైశాల్యం 1.5 శాతం తగ్గుతుంది. 30 డిగ్రీలైతే 13 శాతం పైనే. లేఅవుట్‌లో మధ్య ప్లాట్లకి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది కాబట్టే జనం దాన్ని నమ్ముతారు. తేడా వచ్చేది మూల ప్లాట్‌లోనూ, వాలు రోడ్డు పక్కనా, పొలంలోనూ.

ఎప్పుడూ ఎక్కువే ఎందుకు?

రెండు భుజాల మధ్య త్రిభుజం వైశాల్యం ఎంత పెరిగినా ఆ భుజాల గుణకారంలో సగాన్ని దాటదు. సరిగ్గా సగం రావాలంటే వాటి మధ్య కోణం 90 డిగ్రీలే ఉండాలి. ఇప్పుడు చతుర్భుజాన్ని ఒక ఐమూలతో కోస్తే రెండు త్రిభుజాలు. రెండో ఐమూలతో కోస్తే ఇంకో రెండు. మొత్తం నాలుగు, మూలకొకటి. ఈ నాలుగూ కలిపితే ప్లాట్ వైశాల్యానికి రెట్టింపు. ఒక్కో త్రిభుజం దాని పక్క భుజాల గుణకారంలో సగాన్ని దాటదు కాబట్టి, అన్నీ కూడి సగం చేస్తే వచ్చే గరిష్ఠ విలువ సరిగ్గా ఆ సగటు లెక్కే! అంటే సగటు లెక్క ఒక పైకప్పు. నాలుగు మూలలూ 90 డిగ్రీలు ఉంటేనే ప్లాట్ దాన్ని తాకుతుంది. ఏ మూల తేడా వచ్చినా దానికి కిందే ఉంటుంది.

ఇది ఇవాళ్టి తప్పు కాదు

ఈ పద్ధతికి రెండు వేల ఏళ్ల పైన వయసుంది. ఈజిప్టులో ఎడ్ఫూ ఆలయం గోడల మీద చెక్కిన భూముల లెక్కల్లో ఇదే సూత్రం ఉంది. అక్కడ త్రిభుజాకారపు పొలానికి నాలుగో భుజం సున్నా అనుకుని ఇదే లెక్క కట్టేశారు!

మన దేశంలో బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన ‘బ్రహ్మస్ఫుట సిద్ధాంతం’లో కూడా ఎదురు భుజాల సగటు లెక్క ఉంది. అయితే దాన్ని ఆయన స్థూలమైన లెక్క అని స్పష్టంగా చెప్పి, పక్కనే సూక్ష్మమైన ఇంకో సూత్రం ఇచ్చాడు. ఆ రెండోది కూడా నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికే కచ్చితం. మన మొదటి ప్లాట్‌కి దాన్ని వాడితే 2251 చదరపు అడుగులు వస్తుంది. ఆ నాలుగు భుజాలతో వీలైన అతి పెద్ద వైశాల్యం అది. కాబట్టి నాలుగు భుజాలు మాత్రమే అడిగి టక్కున వైశాల్యం చెప్పేసే క్యాలిక్యులేటర్ యాప్ ఏదైనా కనబడితే జాగ్రత్త.

తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన ‘గణిత సార సంగ్రహం’లోనూ వైశాల్యాలకి వ్యవహారానికి సరిపోయే ఉజ్జాయింపు లెక్క వేరు, సూక్ష్మమైన లెక్క వేరు. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో గణితం అలా మొదలైంది. ఇక 1150లో ‘లీలావతి’ రాసిన భాస్కరాచార్యుడికైతే ఈ విషయంలో ఓపిక అస్సలు లేదు. లంబమో, కర్ణమో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం ఎంత అని అడిగేవాణ్ణి పిశాచం అనేశాడు. జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమట! బ్రోకర్‌తో ఈ మాట అనకండి గానీ, మనసులో గుర్తుపెట్టుకోండి.

మరి ఎలా కొలవాలి?

కావాల్సింది పొడవాటి టేపు, తోడుగా ఒక మనిషి, చేతిలో ఫోన్.

ముందు నాలుగు భుజాలు. తర్వాత ఐమూల. వీలైతే రెండు ఐమూలలూ కొలవండి. ఎదురు భుజాలు సమానంగా ఉండి, రెండు ఐమూలలూ కూడా సమానంగా వస్తే అది కచ్చితంగా దీర్ఘచతురస్రం. పొడవు వెడల్పులు గుణించుకోండి, పనైపోయింది. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు ఐమూలలు సరిచూసేది ఈ ధీమా కోసమే. మూలకి అటు 3 అడుగులు, ఇటు 4 అడుగులు గుర్తుపెట్టి మధ్య దూరం 5 వచ్చిందా అని చూసేదీ అందుకే.

ఐమూలలు తేడా వస్తే ప్లాట్‌ని ఒక ఐమూలతో రెండు త్రిభుజాలుగా కోయండి. త్రిభుజానికి మూడు భుజాలు చాలు, కోణాలు అక్కర్లేదు. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన హెరాన్ పేరుతో ఉన్న సూత్రం ఇలా: మూడు భుజాలూ కూడి సగం చేయండి. ఆ సగంలోంచి ఒక్కో భుజాన్నీ విడివిడిగా తీసేయండి. వచ్చిన మూడు సంఖ్యల్నీ, ఆ సగాన్నీ గుణించి, వర్గమూలం నొక్కండి.

మన మొదటి ప్లాట్‌లో ఈశాన్యం నుంచి నైరుతికి ఐమూల 60 అడుగులు. ఒక త్రిభుజం 52, 56, 60. సగం 84. తీసేస్తే 32, 28, 24. నాలుగూ గుణించి వర్గమూలం తీస్తే 1344. రెండో త్రిభుజం 36, 48, 60. సగం 72. తీసేస్తే 36, 24, 12. వర్గమూలం 864. రెండూ కలిపితే 2208. ముందు సమలంబ చతుర్భుజంగా కట్టిన లెక్కతో సరిగ్గా కలిసింది కదా!

ఐదు మూలలు, ఆరు మూలలు ఉంటే?

అదే పద్ధతి. ఒక మూల దగ్గర నిలబడి మిగతా మూలలకి గీతలు లాగండి. ఐదు భుజాలుంటే మూడు త్రిభుజాలు వస్తాయి. ఆరుంటే నాలుగు. భుజాల సంఖ్యలోంచి ఎప్పుడూ రెండు తక్కువ. స్కూల్లో బట్టీపట్టిన సూత్రం ఇక్కడే పుట్టింది. ఒక్కో త్రిభుజంలో కోణాల మొత్తం 180 కాబట్టి, చతుర్భుజంలో 360, పంచభుజిలో 540, షడ్భుజిలో 720. బొమ్మ గుర్తుంటే సూత్రం మర్చిపోయినా ఫర్వాలేదు.

ఎన్ని కొలతలు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. త్రిభుజానికి 3. ఒక మూల పెరిగినప్పుడల్లా ఇంకో రెండు. అంటే చతుర్భుజానికి 5, పంచభుజికి 7, షడ్భుజికి 9. ఐదు మూలల స్థలానికి ఐదు కొలతలే రాసిస్తే రెండు తక్కువ అన్నమాట. ‘ఎల్’ ఆకారంలో లోపలికి నొక్కుకున్న స్థలమైతే ఒకటే జాగ్రత్త: మీరు గీసే ఐమూల మొత్తం స్థలం లోపలే ఉండాలి. బయటికి పోతే ఇంకో మూల నుంచి గీయండి.

సర్వే వాళ్లు చేసేదీ ఇదే. పొలం ఎఫ్‌ఎంబీ నకలు ఎప్పుడైనా చూస్తే హద్దు గీతలతో పాటు లోపల మూల నుంచి మూలకి పోయే గీతలు, వాటి కొలతలు కనిపిస్తాయి. ఆ గీతలు అలంకారం కాదు, పొలం ఆకారాన్ని కదలకుండా పట్టి ఉంచేవి అవే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే కూడా దేశాన్ని త్రిభుజాలుగా కోసుకుంటూనే ముందుకి సాగింది.

మీ ఫోన్‌లో కూడా త్రిభుజాలే

గేమ్ ఆడుతున్నప్పుడు మీకు కనిపించే మనిషి, కారు, కొండ అన్నీ వేల కొద్దీ చిన్న త్రిభుజాలతో కట్టినవే. కారణం తేలిక. మూడు కాళ్ల స్టూల్ గతుకుల నేల మీదా కుదురుగా నిలుస్తుంది, నాలుగు కాళ్లది ఊగుతుంది. అలాగే ఏ మూడు బిందువులైనా ఒకే చదునైన తలంలో పడతాయి, నాలుగోది పడుతుందన్న గ్యారంటీ లేదు.

గూగుల్ ఎర్త్‌లో పొలం మూలలు వరుసగా నొక్కుకుంటూ పోతే విస్తీర్ణం చెప్పేస్తుంది. మూలలు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి దానికి ఐమూలలు విడిగా చెప్పక్కర్లేదు. వరుస మాత్రం తప్పకూడదు. తప్పితే గీతలు దాటుకుని బొమ్మ సీతాకోకచిలుకలా తయారవుతుంది, లెక్క చెడిపోతుంది. ఎకరాల పొలానికి ఉజ్జాయింపుగా ఇది బాగానే పనికొస్తుంది. చిన్న ప్లాట్‌కి మాత్రం నమ్మకండి. ప్లాట్ చుట్టూ నడిచి కొలిచే యాప్ అయితే, ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపించొచ్చు. 15 మీటర్ల వెడల్పు ప్లాట్‌లో ఒక్క మీటర్ తేడా వచ్చినా విస్తీర్ణం దాదాపు 7 శాతం మారిపోతుంది. అక్కడ టేపే దిక్కు.

బయానా ఇచ్చే ముందు

మీరు ఇవాళ ప్లాట్ కొనకపోవచ్చు. ఇంట్లో ఎవరో ఒకరు కొంటారు, అమ్ముతారు, అన్నదమ్ములు పంచుకుంటారు. ఆ రోజు మీరు పక్కనుంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఐమూల ఎంత?’ దానికి ఐదు నిమిషాలు, ఒక టేపు చాలు. ఐమూల కొలతల్ని కూడా ప్లాన్ కాగితం మీద రాయించండి. తేడా కనబడితే లైసెన్సు ఉన్న సర్వేయర్‌ని పిలిపించండి. ఆ ఖర్చు పోయే గజాల ముందు లెక్కలోకే రాదు.

ఈలోపు చిన్న ప్రాక్టీస్. భుజాలు వరుసగా 39, 52, 60, 25 అడుగులు. 39, 52 భుజాల్ని ఒక పక్కకి, 60, 25 భుజాల్ని ఇంకో పక్కకి విడదీసే ఐమూల 65. సగటు లెక్క వేస్తే దాదాపు 1906 వస్తుంది. ఐమూలతో కట్టి చూడండి. 1764 చదరపు అడుగులు వస్తే ఈ వారం పాఠం మీకు వచ్చేసినట్టే. మిగిలిన 142 చదరపు అడుగులు, అంటే దాదాపు 16 గజాలు, కాగితం మీదే ఉన్నాయి, నేల మీద లేవు.